అమ్మే ముందు పాత కిచెన్ మీద ఎంత పెట్టాలి? హైదరాబాద్ రీసేల్ ఫ్లాట్ల లెక్క

సంక్షిప్తంగా: హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ అమ్మేటప్పుడు కిచెన్ మీద పెట్టే డబ్బు ఇంటి ధరని పెద్దగా పెంచదు, కొనేవాళ్ళు ధర తగ్గించమనడానికి దొరికే కారణాల్ని మాత్రం తగ్గిస్తుంది. నీళ్ళ లీకులు, డ్రైనేజీ వాసన, కరెంటు పాయింట్లు, గోడల జిడ్డు లాంటివాటి మీద పెట్టింది బేరంలో చాలావరకు వెనక్కి వస్తుంది. కొత్త మాడ్యులర్ సెట్ మీద పెట్టింది అంతగా రాదు, దానికి ముఖ్య కారణం బ్యాంకు లోను లెక్క. పాత ఇండిపెండెంట్ ఇల్లు, అదీ స్థలం కోసం కొనేవాళ్ళు వచ్చే ఇల్లు అయితే కిచెన్ మీద అసలు ఖర్చే అక్కర్లేదు.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వస్తోంది

అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట లాంటి చోట్ల 1990ల్లో, 2000 తర్వాత మొదటి కొన్నేళ్ళలో కట్టిన అపార్ట్‌మెంట్లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి. అప్పుడు కొన్నవాళ్ళు రిటైర్ అయ్యారు, పిల్లలు గచ్చిబౌలి వైపో విదేశాలకో వెళ్ళిపోయారు, లిఫ్ట్ సరిగ్గా లేని మూడో అంతస్తు ఎక్కడం కష్టమవుతోంది, సరే అమ్మేద్దాం అనుకుంటారు. ఏజెంట్ వచ్చి ఇల్లంతా తిరిగి చూసి చివర్లో అనే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే, హాల్ బాగుంది, బెడ్‌రూములు పర్లేదు, కిచెనే పాతగా ఉంది.

ఆ మాటలో నిజం ఉంది, ఎందుకంటే గత ముప్పై ఏళ్ళలో ఇంట్లో అన్ని గదులకన్నా ఎక్కువ మారింది వంటగదే. అప్పటి కిచెన్ అంటే ఒక పక్కగానో ఎల్ ఆకారంలోనో నల్ల గ్రానైట్ గట్టు, గట్టు మీద గోడకి రెండడుగుల ఎత్తు వరకు తెల్ల టైల్స్ (మధ్యలో పళ్ళ బుట్టలు, పువ్వుల బొమ్మలు ఉన్న టైల్ ఒకటి రెండు), గట్టు కింద తలుపుల్లేని కడప రాయి అరలు, ఒక మూలన గ్యాస్ సిలిండర్, పైన అటక, కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను, చాలా ఇళ్ళల్లో ఈశాన్యం మూలకి చిన్న దేవుడి గూడు. కరెంటు సంగతి చూస్తే ఒక 15 యాంప్స్ సాకెట్, ఒకటో రెండో 5 యాంప్స్ సాకెట్లు. మిక్సీ, గ్రైండర్ నడవడానికి అది సరిపోయింది. ఇప్పుడు అదే గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్, ఆర్‌ఓ, చిమ్నీ, ఇండక్షన్ స్టవ్, కొన్ని ఇళ్ళల్లో డిష్‌వాషర్ కూడా ఉండాలి. కొనడానికి వచ్చినవాళ్ళు నిలబడి చూసేది గట్టు రంగు ఒక్కటే అనుకుంటే పొరపాటే, మన సామాను ఇక్కడ ఎక్కడ పెట్టుకుంటాం, ప్లగ్ ఎక్కడ అనేది మనసులో లెక్క వేసుకుంటూ ఉంటారు.

దానికి తోడు కొత్త ప్రాజెక్టుల పోటీ ఒకటి. ఇక్కడ మాత్రం చాలామంది గమనించని విషయం ఉంది. హైదరాబాద్‌లో ఇప్పుడు చాలామంది బిల్డర్లు కిచెన్‌లో గట్టు కూడా కట్టకుండానే ఇస్తున్నారు, నీళ్ళ పాయింట్లు, కరెంటు పాయింట్లు, డ్రైన్ వదిలేసి మిగతాది కొన్నవాళ్ళకే వదిలేస్తున్నారు. అంటే కొత్త ఫ్లాట్ కొన్నవాళ్ళకి కిచెన్ ఖర్చు విడిగా పడుతుంది, నిర్మాణంలో ఉన్నది కొంటే మామూలుగా 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. కంప్లీషన్ అయిపోయిన పాత ఫ్లాట్ రీసేల్‌లో జీఎస్టీ లేదు, వంట చేసుకోవడానికి ఒక కిచెన్ అంటూ ఉంది. పాత కిచెన్‌కి ఉన్న అసలు బలం ఇదే, పనిచేస్తే చాలు అది ఆస్తే.

అమెరికా లెక్కలు ఇక్కడికి ఎందుకు దిగుమతి కావు

ఇల్లు అమ్మే ముందు కిచెన్ మార్చండి, పెట్టింది తిరిగొస్తుంది అనే సలహా ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఉన్న పిల్లలు ఇక్కడ అమ్మానాన్నలకి ఫోన్‌లో చెప్పేది కూడా అదే. ఆ సలహాకి అక్కడ ఆధారం లేకపోలేదు, కాకపోతే ఆ ఆధారం చెప్పేది వేరే.

అక్కడ రీమోడలింగ్ అనే ట్రేడ్ పత్రిక తరఫున ఏటా కాస్ట్ వర్సెస్ వాల్యూ అని ఒక నివేదిక వస్తుంది. 2024 నివేదికలో దేశం మొత్తం సగటు చూస్తే, చిన్న స్థాయి కిచెన్ మార్పుకి సుమారు 27,500 డాలర్లు ఖర్చయితే అమ్మకంలో దాదాపు 96 శాతం వెనక్కి వచ్చినట్టు లెక్క. మధ్యస్థాయి పూర్తి కిచెన్‌కి సుమారు 80,000 డాలర్లు పెడితే సగమే వచ్చింది. ఖరీదైన పూర్తి కిచెన్‌కి లక్షన్నర డాలర్లు దాటి పెడితే వచ్చింది 38 శాతం. చిన్న స్థాయి అంటే కబోర్డు పెట్టెల్ని అలాగే ఉంచి తలుపులు, హ్యాండిళ్ళు, గట్టు, సింకు, కుళాయి, స్టవ్, ఫ్రిజ్ లాంటివి మార్చడం. అంటే అక్కడ కూడా పగలగొట్టి కొత్తగా కట్టినవాళ్ళకి నష్టమే, పైపైన సరిచేసినవాళ్ళకే దాదాపు గిట్టుబాటు అయింది.

మరి ఆ 96 శాతం ఇక్కడ కూడా వస్తుందా అంటే కష్టం, దానికి కారణాలు అక్కడి పద్ధతిలోనే ఉన్నాయి. అక్కడ కబోర్డులు స్టాండర్డ్ సైజుల్లో ఫ్యాక్టరీ నుంచి వస్తాయి కాబట్టి తలుపులు మాత్రమే మార్చడం తేలిక. స్టవ్, డిష్‌వాషర్ సాధారణంగా ఇంటితో పాటే వెళ్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, లోను కోసం ఇంటి విలువ కట్టే అప్రైజర్ అక్కడ చాలా ఏళ్ళుగా నింపుతున్న ఫారమ్‌లో కిచెన్ గత 15 ఏళ్ళలో మార్చారా, ఎంతమేరకు మార్చారు అనేది విడిగా రాయాలి, ఇంటి కండిషన్‌కి ఒక గ్రేడ్ కూడా ఇవ్వాలి. కిచెన్ బాగుంటే ఆ విషయం కాగితం మీదకి ఎక్కుతుంది, కాగితం మీదకి ఎక్కింది లోనులోకి వస్తుంది.

మన దగ్గర బ్యాంకు కిచెన్‌ని లెక్కలోకి తీసుకోదు

ఇక్కడ బ్యాంకు పంపే వాల్యుయర్ ముఖ్యంగా చూసేది లొకాలిటీ, బిల్టప్ ఏరియా, యూడీఎస్ అంటే భూమిలో వాటా, బిల్డింగ్ వయసు, ఇంకెన్నేళ్ళు ఉంటుంది, ప్లాన్‌కి తేడాగా కట్టారా, చుట్టుపక్కల ఎస్ఎఫ్‌టీ ఎంతకి అమ్ముడవుతోంది. వుడ్‌వర్క్‌కి ఎప్పుడైనా కొంత వేసినా మొత్తం విలువలో అది పెద్ద భాగం కాదు. రిజిస్ట్రేషన్‌కి వాడే ప్రభుత్వ మార్కెట్ విలువ కూడా ఏరియాని బట్టి, కట్టడాన్ని బట్టి ఉంటుంది, లోపల ఎవరి వంటగది ఎలా ఉందో దానికి సంబంధం లేదు.

దీని ప్రభావం ఎంతో ఒక లెక్కలో చూడొచ్చు. ఒక ఫ్లాట్‌కి వాల్యుయేషన్ 70 లక్షలు వచ్చింది, బేరం కూడా 70 దగ్గరే కుదిరింది అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు హోమ్ లోను అయితే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం విలువలో 80 శాతం వరకే ఇవ్వొచ్చు. అంటే లోను 56 లక్షలు, కొనేవాళ్ళు చేతి నుంచి తేవాల్సింది 14 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు విడిగా. ఇప్పుడు అదే ఇంట్లో కొత్త కిచెన్ పెట్టి 73 లక్షలు చెప్పారు, వాల్యుయేషన్ మాత్రం 70 దగ్గరే ఆగింది. బ్యాంకు తక్కువ అంకెనే పట్టుకుంటుంది కాబట్టి లోను అదే 56, చేతి నుంచి మాత్రం 17 కావాలి. ధర పెరిగింది నాలుగు శాతం చిల్లర, సొంతంగా సర్దాల్సింది పెరిగింది 21 శాతం. పైగా ఆ మూడు లక్షలకి తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం చొప్పున ఇంకో 22,500.

మధ్యతరగతి కొనుగోలుదారుకి అసలు ఇబ్బంది ఎక్కడంటే ఈ చేతి డబ్బు దగ్గరే. బంగారం అమ్మో, పీఎఫ్ తీసో, బావమరిదిని అడిగో ఆ 14 సర్దుకుని ఉంటారు, ఇంకో మూడు అంటే ఇల్లు ఎంత నచ్చినా పక్క వీధిలో మామూలు కిచెన్ ఉన్న ఫ్లాట్ వైపు వెళ్ళిపోతారు. అక్కడ కిచెన్ ఇప్పుడు కాకపోతే రెండేళ్ళ తర్వాత చేయించుకుంటారు, ఆ స్వేచ్ఛ వాళ్ళకి మూడు లక్షలకన్నా విలువైనది.

ఈ తేడాని దాటడానికి కొందరు కిచెన్, ఇంటీరియర్ డబ్బు విడిగా క్యాష్‌లో ఇవ్వండి అంటుంటారు. ఇది అమ్మేవాళ్ళకే ప్రమాదం. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకుంటే తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటి కదిలే సామాను విడిగా బ్యాంకు ద్వారా అమ్ముకోవచ్చు, గోడకి బిగించిన కబోర్డులు, గట్టు ఇంట్లో భాగమే.

పాత కిచెన్ ధరని ఎలా తగ్గిస్తుంది

పెంచదు సరే, తగ్గించడం మాత్రం గట్టిగానే తగ్గిస్తుంది. కొనేవాళ్ళకి గోడ లోపలి పైపు కనపడదు, శ్లాబు లోపలి ఇనుము కనపడదు, ఇరవై ఏళ్ళు ఈ ఇంటిని ఎలా చూసుకున్నారో తెలీదు. తెలీనిదాన్ని కనపడేదాన్నిబట్టి ఊహించుకుంటారు. నీళ్ళు, నిప్పు, నూనె, కరెంటు నాలుగూ ఒకేచోట కలిసేది కిచెన్‌లోనే కాబట్టి ఆ ఊహకి మొదట దొరికేది అదే. సింకు కింద చెమ్మ మరక కనపడితే ఇది సింకు సమస్య అని ఎవరూ అనుకోరు, ఇంట్లో పైపులన్నీ పోయాయి అనుకుంటారు.

ఇంకొకటి, కొనేవాళ్ళ అంచనా ఎప్పుడూ అసలు ఖర్చుకన్నా ఎక్కువే ఉంటుంది, అది సహజం, రిస్కు వాళ్ళది కాబట్టి. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్ కలిసి 60 వేలల్లో సరిచేయగలిగిన కిచెన్‌ని చూసి "మొత్తం పీకేసి కొత్తది వేయించాలండీ, నాలుగు లక్షలు తగ్గించుకోండి" అని అడగడం రీసేల్ బేరాల్లో మామూలు. బేరం ఎక్కడో రెండు దగ్గర తెగినా అమ్మినవాళ్ళకి 60 వేల పనికి రెండు లక్షలు పోయినట్టు. ఈ అంకెలు ఇంటినిబట్టి మారతాయి, తేడా వచ్చే తీరు మాత్రం ఇంతే. అమ్మేవాళ్ళు పెట్టే డబ్బుకి నిజంగా రాబడి వచ్చే చోటు ఈ రెండు అంచనాల మధ్య ఉన్న ఖాళీ.

వాసన, చెమ్మ: ముందు చూడాల్సినవి

పాత ఫ్లాట్ల కిచెన్లలో సింకు గొట్టం చూడండి, ముడతల ప్లాస్టిక్ పైపు ఒకటి సింకు నుంచి దిగి కింద నేలలో ఉన్న రంధ్రంలోకి వదులుగా దూర్చి ఉంటుంది. చుట్టూ వేలు పట్టేంత సందు. బొద్దింకలు వచ్చేది, మధ్యాహ్నం పూట డ్రైనేజీ వాసన వచ్చేది ఆ సందు లోంచే. బాటిల్ ట్రాప్ ఒకటి పెట్టి, పైపు నేలలోకి దిగే చోట రబ్బరు రింగు బిగించి సీల్ చేస్తే సరిపోతుంది, ప్లంబర్‌కి ఒక పూట పని. ట్రాప్ అంటే పైపులో వంపు, ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలబడి ఉంటాయి, కింద నుంచి వచ్చే గాలిని ఆ నీళ్ళే అడ్డుకుంటాయి.

ఇదే కారణంగా మూసి ఉన్న ఫ్లాట్లు ఎక్కువ కంపు కొడతాయి. యజమానులు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, ఫ్లాట్ నెలల తరబడి తాళం వేసి ఉంటుంది, కిచెన్‌లో, వాష్ ఏరియాలో ఉన్న నహానీ ట్రాపుల్లో (నేల మీద జాలీ కింద ఉండే ట్రాపులు) నీళ్ళు ఆరిపోతాయి, ఆరిపోయాక డ్రైనేజీ గాలికి అడ్డేముంటుంది. ఏజెంట్ తలుపు తీసేసరికి లోపల నుంచి గుప్పున వచ్చేది అదే, కొనేవాళ్ళు దాన్ని పాత ఇల్లు వాసన అనుకుంటారు. చూపించే ముందు రోజు ప్రతి ట్రాపులో ఒక బకెట్ నీళ్ళు పోసి కిటికీలు తెరిచి పెడితే చాలు, రూపాయి ఖర్చు లేదు. ఇంత తేలికైన పనిని పక్కన పెట్టి లక్షల్లో కబోర్డులు వేయించడం నిజంగా బాధాకరం.

చెమ్మ ఇంకో దారిలో వస్తుంది. గట్టు గోడకి ఆనే చోట ఎప్పుడో వైట్ సిమెంటు పెట్టి ఉంటారు, అది చిట్లి నల్లబడిపోతుంది, గిన్నెలు తోమిన నీళ్ళు ఆ చీలికలోంచి టైల్స్ వెనక్కి దిగి, పక్క గదిలో గోడ అడుగున పెయింట్ ఉబ్బుతుంది. బెడ్‌రూమ్ గోడకి ఎన్నిసార్లు రంగు వేసినా మళ్ళీ ఉబ్బుతుంటే చాలాసార్లు కారణం గోడకి అవతల ఉన్న సింకు. పాత వైట్ సిమెంటుని మొత్తం గీకేసి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌటో సిలికానో పెట్టాలి, దాని మీదే పూస్తే నెలలో ఊడిపోతుంది. లీకు ఉందా లేదా తెలుసుకోవడానికి సింకుని నిండా నింపి ఒక్కసారిగా వదిలి, కింద ప్రతి జాయింటు చుట్టూ పొడి కాగితం పట్టి చూస్తే తెలిసిపోతుంది. పాత జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు ఉన్న బిల్డింగుల్లో కుళాయి విప్పగానే ఎర్రటి నీళ్ళు రావడం, ధార సన్నబడడం ఉంటుంది. కిచెన్ వరకైనా వాటిని సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకి మార్చుకుంటే మంచిది. కింది ఫ్లాట్ సీలింగ్ మీద మరక ఉంటే దాన్ని ముందే తేల్చుకోవాలి, లేదంటే అసోసియేషన్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) దగ్గర ఆ గొడవ బయటకి వస్తుంది, అప్పటికి టోకెన్ అడ్వాన్స్ కూడా అయిపోయి ఉంటుంది.

బోరు నీళ్ళ తెల్ల మరకలు కుళాయిల మీద, సింకు మీద పేరుకుపోయి ఉంటే శుభ్రం చేయడంకన్నా ఆ రెండూ మార్చేయడమే నయం. కొత్త స్టీల్ సింకు, పొడవు మెడ కుళాయి పెట్టిన గట్టుకి పదేళ్ళ వయసు తగ్గినట్టు కనిపిస్తుంది.

కరెంటు, జిడ్డు

సాకెట్ల కొరత మీద పెట్టే ఖర్చు తక్కువ, కనపడే ఫలితం ఎక్కువ. అయితే ఉన్న పాత లైను మీదే రెండు 16 యాంప్స్ సాకెట్లు అదనంగా తగిలిస్తే ప్రమాదం, ఇండక్షన్, మైక్రోవేవ్ రెండూ ఒకేసారి నడిస్తే వైరు వేడెక్కిపోతుంది. బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, దానికి సొంత ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పెట్టి, ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో చూసి ఇవ్వాలి. పింగాణీ ఫ్యూజులు ఇంకా ఉన్న ఇళ్ళల్లో అవి తీసి ఎంసీబీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించడం అమ్మకంతో సంబంధం లేకుండా చేయాల్సిన పని, ఇంట్లో ఇప్పుడు ఉన్నవాళ్ళ ప్రాణానికి సంబంధించినది.

జిడ్డు విషయంలో జరిగే తప్పు ఒకటే. పోపు ఆవిరి ఇరవై ఏళ్ళు పట్టిన గోడకి నేరుగా కొత్త రంగు వేస్తారు, అది పట్టదు, రెండు నెలల్లో పొరలుగా లేచిపోతుంది, సరిగ్గా కొనేవాళ్ళు వచ్చే టైముకి. ముందు వాషింగ్ సోడా వేసిన వేడినీళ్ళతో గోడా సీలింగూ కడిగి, ఆరాక ప్రైమర్ వేసి, ఆ తర్వాత కడుక్కోగలిగే రంగు వేయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు, కిటికీ మెష్, ట్యూబ్‌లైట్ పట్టీ మీద కూడా అదే జిడ్డు. అటక ఖాళీ చేయడం కూడా ఇందులోకే వస్తుంది, నిండిన అటక చూస్తే కిచెన్‌లో చోటు చాలదని అర్థమవుతుంది, అదే అటక ఖాళీగా ఉంటే ఇంత స్టోరేజ్ ఉందా అనిపిస్తుంది.

నల్ల గ్రానైట్ గట్టు తీసేయాలా

తీసేయడానికే చాలామంది తొందరపడతారు, ఇది దాదాపు ఎప్పుడూ అనవసరం. గ్రానైట్ పాతబడే రాయి కాదు, దాని మీద పాలిష్ పోతుంది అంతే, ఉన్నచోటే నీళ్ళు పోస్తూ డైమండ్ ప్యాడ్లతో మళ్ళీ పాలిష్ పట్టొచ్చు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే నల్ల గెలాక్సీ గ్రానైట్, కరీంనగర్ గనుల టాన్ బ్రౌన్ ప్రపంచమంతా కిచెన్లలోకి వెళ్ళిన రాళ్ళు. మన ఊళ్ళ రాయిని మనమే పాతది అనుకుని పగలగొట్టి దాని బదులు క్వార్ట్జ్ వేయించుకోవడంలో లాభం ఏంటో చూడాలి. క్వార్ట్జ్ అంటే రాతిపొడిని రెసిన్‌తో కలిపి నొక్కి చేసిన పలక, మరిగే కుక్కర్‌ని నేరుగా దింపితే మరక పడే అవకాశం దానికే ఎక్కువ. ఆ పలకలు కోసే కార్మికులకి సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దాన్ని నిషేధించింది కూడా.

ఖర్చు పరంగా చూసినా గట్టు పగలగొట్టడం ఒక్క పనితో ఆగదు. గట్టు లేస్తే దానికి ఆనిన టైల్స్ పగులుతాయి, ఆ డిజైన్ టైల్స్ ఇప్పుడు దొరకవు కాబట్టి గోడ మొత్తం మార్చాలి, గోడ ఎలాగూ తవ్వారు కదా అని పైపు మారుస్తారు, నేల మీద గీతలు పడతాయి. రెండు రోజులనుకున్నది నెల దాటుతుంది. టైల్స్ మరీ వెలిసిపోయి ఉంటే పాతవాటిని తీయకుండా వాటి మీదే టైల్ అడెసివ్‌తో కొత్తవి అతికించే పద్ధతి ఉంది, పాత టైల్స్ గట్టిగా పట్టి ఉంటేనే, తడితే డొల్లగా మోగకపోతేనే అది నిలుస్తుంది.

కడప రాయి అరల విషయం కూడా అంతే. వాటికి చెద పట్టదు, తడికి ఉబ్బవు. ముందు ఫ్రేమ్ కట్టించి తలుపులు మాత్రం బిగిస్తే దూరం నుంచి మాడ్యులర్‌కి పెద్ద తేడా తెలీదు, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

కొత్త మాడ్యులర్ ఎందుకు ఎదురు తిరుగుతుంది

బ్యాంకు సంగతి పక్కన పెట్టినా ఇంకో రెండు చిక్కులున్నాయి. మొదటిది అనుమానం. అమ్మే ముందే వేయించిన కొత్త కబోర్డులు చూసి కొనేవాళ్ళు లోపల ఏ ప్లై వాడారు అని అడుగుతారు, అడగాలి కూడా. నీళ్ళకి తట్టుకునే ఐఎస్ 710 గ్రేడ్ ప్లై వేరు, పైన అదే లామినేట్ అతికించిన పార్టికల్ బోర్డు వేరు, సింకు కింద ఒక్క వానాకాలం గడిస్తే రెండోది ఉబ్బిపోతుంది. అమ్మడానికే చేయించినది కాబట్టి చవకది వాడి ఉంటారు అనుకోవడం కొనేవాళ్ళ వైపు నుంచి న్యాయమే, బిల్లు చూపించలేకపోతే ఆ కబోర్డులకి విలువ కట్టరు.

రెండోది వాస్తు, అభిరుచి. ఆగ్నేయంలో వంటగది, కుదరకపోతే వాయవ్యం, వండేవాళ్ళు తూర్పుకి తిరిగి ఉండాలి, స్టవ్ పక్కనే సింకు ఉండకూడదు, ఇవి నమ్మకం ఉన్నా లేకపోయినా హైదరాబాద్ రీసేల్‌లో ఎదురయ్యే ప్రశ్నలు. మాడ్యులర్‌లో హాబ్ (గట్టులోకి దించి బిగించే స్టవ్) కోసం గట్టు కోసేస్తే స్టవ్ చోటు శాశ్వతంగా ఖరారైపోతుంది, మామూలు గట్టు మీద స్టవ్ ఎటైనా జరుపుకోవచ్చు. కొనేవాళ్ళకి వదిలే ఆ వెసులుబాటు కూడా ఇంటి విలువలో భాగమే. పైప్డ్ గ్యాస్ కనెక్షన్ ఉంటే మాత్రం ఎవరికివాళ్ళు పైపు జరపకూడదు, భాగ్యనగర్ గ్యాస్ లాంటి కంపెనీకే దరఖాస్తు పెట్టి వాళ్ళ మనుషులతోనే మార్పించాలి.

ఓపెన్ కిచెన్ కోసం గోడ తీసేయడం ఇంకా పెద్ద తప్పు. పాత ఫ్రేమ్ బిల్డింగుల్లో నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ సాధారణంగా బరువు మోయదు కానీ ఇంజినీర్ చూడకుండా ముట్టుకోకూడదు, మైవాన్ పద్ధతిలో కాంక్రీటు గోడలతో కట్టిన కొత్త టవర్లలో అయితే గోడే స్తంభం, దాన్ని తొలచడం బిల్డింగ్ మొత్తానికి ముప్పు.

ఇక మినహాయింపు ఒకటి చెప్పుకోవాలి. పదేళ్ళ లోపు వయసున్న ఫ్లాట్, గేటెడ్ కమ్యూనిటీ, పక్కవాళ్ళవన్నీ పూర్తి వుడ్‌వర్క్‌తో ఉన్నాయి, ఇది ఒక్కటే ఖాళీ గట్టుతో ఉంది అంటే అక్కడ మధ్యరకం కిచెన్ వేయించడంలో అర్థముంది. అక్కడ కొనేవాళ్ళు వెంటనే దిగిపోవాలని చూస్తారు, పోలికలో వెనకబడితే ఫ్లాట్ నెలల తరబడి ఉండిపోతుంది.

అసలు ముట్టుకోకూడని ఇళ్ళు

200 గజాల్లో 1985లో కట్టిన డాబా ఇల్లు, ముందు రోడ్డు వెడల్పయింది, చుట్టూ అన్నీ ఐదంతస్తులు లేచాయి. అలాంటి ఇంటికి వచ్చేది బిల్డరో, పడగొట్టి కట్టుకునేవాళ్ళో. వాళ్ళు ధర కట్టేది గజానికి, లోపలికి రాకుండానే కొలతలు అడుగుతారు. అక్కడ కిచెన్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా, ఆ డబ్బు లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఆస్తిపన్ను బకాయిలు సరిచేసుకోవడానికి వాడితే బేరం త్వరగా తెగుతుంది. అసోసియేషన్‌లో రీడెవలప్‌మెంట్ మాటలు నడుస్తున్న పాత అపార్ట్‌మెంటుకి కూడా ఇదే వర్తిస్తుంది.

పన్ను, బిల్లులు

ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభం మీద 2024 జూలై 23 నుంచి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లయితే దేశంలో ఉండే వ్యక్తులకి, హిందూ అవిభక్త కుటుంబాలకి ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టే వీలుంది, ఎన్నారైలకి ఆ వీలు లేదు. ఇంటికి శాశ్వతంగా చేసిన మార్పుల ఖర్చుని లాభంలోంచి తీసేసుకోవచ్చు, కాకపోతే కొత్త గట్టు, కొత్త పైపులైను లాంటివి ఆ కోవలోకి వచ్చే అవకాశం ఉంది, రంగులు, చిన్నచిన్న రిపేర్లు, ఫ్రిజ్, చిమ్నీ లాంటి సామాను సాధారణంగా రావు. కబోర్డుల దగ్గర వాదన నడుస్తూనే ఉంటుంది, ఆడిటర్‌ని అడిగే వేసుకోవాలి. మేస్త్రికి చేతికి డబ్బిచ్చి కాగితం తీసుకోకపోతే మాత్రం ఏదీ చూపించలేరు, బ్యాంకు ద్వారా కట్టి బిల్లు తీసుకోవాలి.

ఎప్పుడు చేయాలి

ఆషాఢంలో బేరాలు నెమ్మదిస్తాయి, శ్రావణం రాగానే మళ్ళీ ఊపందుకుంటాయి. ఆ నెల ఖాళీని రిపేర్లకి వాడుకోవడం బాగానే కుదురుతుంది, ఒక చిక్కు తప్ప, అది వానాకాలం, ప్లాస్టరింగూ రంగూ త్వరగా ఆరవు. అందుకని గోడ పని, పైపుల పని మే నెలలోనే ముగించుకుని, రంగు మాత్రం మొదటి రెండు మూడు వానలు గట్టిగా పడ్డాక వేయించుకుంటే మంచిది. చెమ్మ నిజంగా ఆగిందో లేదో ఆ వానల్లో తేలిపోతుంది, ఆగకపోతే రంగు ఖర్చు రెండుసార్లు పడకుండా ఉంటుంది. ఫొటోలు ఆ తర్వాత, కిటికీ తెరిచి, పొద్దున వెలుగులో. ప్లంబర్, ఎలక్ట్రీషియన్ బిల్లులు ఇంటి కాగితాల ఫైల్లోనే పెట్టి కొనేవాళ్ళకి చూపించాలి, పోయిన మే నెలలో ఈ లైను మార్చాం అని తారీఖుతో చెప్పగలిగితే వాళ్ళు పైపుల పేరు చెప్పి తగ్గించమని అడగడం కష్టం.